చర్మం కింద కొద్దిపాటి వేడి

శ్రోతలకు నమస్కారం.

మీరు ఈ ప్రసంగాన్ని మీడియం వేవ్‌లో వింటున్నట్లయితే, నా మాటలను మీ దాకా మోసుకొస్తున్న తరంగం సెకనుకు కొన్ని లక్షల సార్లు కంపిస్తూ ఉంటుంది. మీడియం వేవ్ ప్రసారాల పరిధి సుమారు 530 నుంచి 1600 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. సడలిన చర్మాన్ని బిగుతు చేయడానికీ, నడుము చుట్టూ పేరుకున్న కొవ్వును కొంత కరిగించడానికీ కత్తిగాటు లేకుండా వాడుతున్న రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాలలో కొన్ని సరిగ్గా ఈ పరిధిలోనే, అంటే 1 మెగాహెర్ట్జ్ (వెయ్యి కిలోహెర్ట్జ్) దగ్గరే పనిచేస్తాయి. మరికొన్ని 6 మెగాహెర్ట్జ్ దగ్గర, ఇంకొన్ని 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. రేడియో ఫ్రీక్వెన్సీ అన్న పేరు వినగానే రేడియోధార్మికత గుర్తుకు వచ్చి జంకేవారు ఉన్నారు గానీ, ఆ రెంటికీ పేరులోని పోలిక తప్ప వేరే చుట్టరికం లేదు. రేడియోధార్మిక కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలవు. రేడియో ఫ్రీక్వెన్సీకి అంతటి శక్తి లేదు. ఒంట్లో అది చేసే పని వేడి పుట్టించడం. కాబట్టి ఈ చికిత్సకు సంబంధించిన ఆశలనూ భయాలనూ ఆ వేడి లెక్కతోనే తూచుకోవాలి.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మామూలు విద్యుత్తు తగిలితే కండరాలు బిగుసుకుపోతాయని అందరికీ తెలుసు. అయితే సెకనుకు పదివేల సార్లకు మించి దిశ మార్చుకునే విద్యుత్తును శరీరంలోకి పంపితే కండరాలు బిగుసుకోవనీ, లోపల వెచ్చదనం మాత్రం పుడుతుందనీ ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త దార్సన్‌వాల్ 1890ల తొలినాళ్లలోనే గమనించాడు. 1926లో బోస్టన్‌లో విలియం బోవీ తయారుచేసిన పరికరంతో శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ కణితిని తొలగిస్తూ రక్తస్రావాన్ని అదుపు చేశాడు. ఇవాళ ఆపరేషన్ థియేటర్లలో కాటరీ అని పిలుచుకునే యంత్రానికి మూలం అదే. కోయడానికీ రక్తనాళాలను మూయడానికీ పనికొచ్చిన ఆ వేడినే బాగా తగ్గించి, అదుపులో పెట్టి, చర్మాన్ని గాయపరచకుండా లోపలికి పంపవచ్చునన్న ఆలోచన చాలా ఆలస్యంగా ఫలించింది. కంటి చుట్టూ ఏర్పడే ముడతల చికిత్స కోసం థర్మేజ్ అనే పరికరానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2002లో అనుమతి ఇచ్చింది. ముఖం నుంచి పొట్టకూ తొడలకూ ఈ పద్ధతి ఆ తరువాతి సంవత్సరాలలో విస్తరించింది.

వేడి కావాలంటే కాపడం పెట్టుకుంటే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాపడంలో వేడి బయటి నుంచి లోపలికి దిగాలి. లోపలి పొరలకు తగినంత వేడి చేరేలోగా పైచర్మం కాలిపోతుంది. రేడియో ఫ్రీక్వెన్సీలో లోపలికి వెళ్లేది వేడి కాదు, విద్యుత్తు. ఆ ప్రవాహాన్ని కణజాలం ఎక్కడ అడ్డుకుంటే అక్కడే వేడి పుడుతుంది. నీరు, లవణాలు ఎక్కువగా ఉన్న కండరం విద్యుత్తుకు సులభంగా దారి ఇస్తుంది, కొవ్వు అంత సులభంగా ఇవ్వదు. పైచర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు పరికరంలోనే ఉంటే, పైన చల్లగా, లోపల వేడిగా ఉంచడం సాధ్యమవుతుంది. ఇందులో మరొక సౌలభ్యం కూడా ఉంది. లేజర్ కాంతిని చర్మంలోని వర్ణకం పీల్చుకుంటుంది కనుక నల్లని చర్మానికి లేజర్ చికిత్స చేసేటప్పుడు మచ్చలు పడకుండా ఎక్కువ జాగ్రత్త పడాలి. విద్యుత్తుకు రంగుతో పని లేదు.

ఇక లోపల జరిగేది చూద్దాం. మన చర్మానికి బిగువు ఇచ్చేది ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని అణువు మూడు పోగులు కలిపి పేనిన తాడులా ఉంటుంది, ఆ పోగులను పట్టి ఉంచేవి సన్నని హైడ్రోజన్ బంధాలు. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు ఆ బంధాలు కొన్ని తెగి, పురి సడలి, పోగు పొట్టిగా, లావుగా ముడుచుకుంటుంది. నిప్పు సెగ తగిలిన వెంట్రుక ముడుచుకున్నట్లన్నమాట. అయితే ఇది మొదటి అంకం మాత్రమే. అసలైన మార్పు శరీరం చేసే మరమ్మతు వల్ల వస్తుంది. ఆ కొద్దిపాటి వేడిని ఒక చిన్న గాయంగా భావించి చర్మంలోని కణాలు కొత్త కొల్లాజెన్‌ను అల్లడం మొదలుపెడతాయి. ఆ అల్లిక రెండు నుంచి ఆరు నెలల వరకు సాగుతుంది. చాలా పరికరాలు 60 డిగ్రీల దాకా పోవు. చర్మం ఉపరితలాన్ని 40 నుంచి 42 డిగ్రీల మధ్యకు తెచ్చి, కొన్ని నిమిషాల పాటు ఆ వేడిని నిలబెట్టి, ఈ మరమ్మతునే రేకెత్తిస్తాయి. కొవ్వు కణాల సంగతి కూడా దాదాపు ఇంతే. 43 నుంచి 45 డిగ్రీల వేడిని కొన్ని నిమిషాలు భరించిన కొవ్వు కణాలలో కొన్ని అప్పటికప్పుడు పగిలిపోకుండా, రానున్న రోజులలో తమంతట తాము నశిస్తాయి. ఆ శిథిలాలను శరీరం కొన్ని వారాలలో మెల్లగా ఊడ్చివేస్తుంది.

చికిత్స గదిలో కనిపించే దృశ్యం ఇంతకన్నా చాలా సాదాగా ఉంటుంది. బల్ల మీద పడుకున్న వ్యక్తి వీపుకో తొడకో ఒక వెడల్పాటి ప్యాడ్ అంటిస్తారు, విద్యుత్తు తిరిగి బయటికి వచ్చే దారి అది. దాని అంచు కొద్దిగా లేచినా విద్యుత్తంతా మిగిలిన కాస్త చోటు నుంచే పోయి అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంది. విద్యుత్తు లోపలికి వెళ్లే, బయటికి వచ్చే రెండు ధ్రువాలూ చేత్తో పట్టుకుని తిప్పే పరికరంలోనే ఉండే రకానికి ఈ ప్యాడ్ అక్కరలేదు, కానీ అందులో వేడి ఆ రెండు ధ్రువాల మధ్య దూరంలో దాదాపు సగం లోతు వరకే చేరుతుంది. పొట్ట మీద జెల్ రాసి, పరికరాన్ని ఇస్త్రీ పెట్టెలా ఒకచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య పరారుణ థర్మామీటరుతో వేడిని కొలుస్తూ, నిపుణులు ఒక ప్రశ్న పదేపదే అడుగుతారు: వేడి ఎలా ఉంది, ఓర్చుకోగలుగుతున్నారా?

ఆ ప్రశ్నను మర్యాద కోసం అడిగినదిగా తీసుకోకూడదని నా అభిప్రాయం. తొలి సంవత్సరాలలో నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చి, ఒకే విడతలో ఎక్కువ శక్తిని ప్రయోగించేవారు. కొందరికి చర్మం కాలింది, కొందరికి లోపలి కొవ్వు అతిగా కరిగి ముఖం మీద గుంటలు పడ్డాయి. ఆ తరువాత శక్తిని తగ్గించి, అదే చోట పరికరాన్ని అనేక పర్యాయాలు తిప్పుతూ, చికిత్స పొందే మనిషి చెప్పే మాటను ఆధారంగా చేసుకున్నారు. ఫలితాలు మెరుగయ్యాయి, ప్రమాదాలు తగ్గాయి. థర్మామీటరు చర్మం పైపొరను మాత్రమే చూడగలదు. లోతున ఉన్న వేడిని ముందుగా పసిగట్టేది ఆ మనిషి నరాలే. పళ్ల బిగువున ఓర్చుకుంటే ఫలితం ఎక్కువగా వస్తుందనుకునేవారు తమకు తామే హాని చేసుకుంటున్నారు. సూదిపోటులా గుచ్చుకునే వేడి ఒకేచోట తగిలితే తక్షణం చెప్పాలి.

దీనివల్ల కానిపనులు కూడా చెప్పుకోవాలి. ఇది బరువు తగ్గించే చికిత్స కాదు. పొట్ట గోడకు లోపల, పేగుల చుట్టూ చేరే కొవ్వును ఇది తాకదు. మధుమేహానికీ గుండెజబ్బుకూ ఎక్కువగా దారితీసేది ఆ కొవ్వే. చాలా బరువు తగ్గిన తరువాత మడతలుగా వేలాడే చర్మానికి శస్త్రచికిత్సే మార్గం. ఏ వేడీ ఆ మడతను మాయం చేయలేదు. ఒక మోస్తరు సడలింపు, చేతితో పట్టుకోగలిగినంత కొవ్వు ఉన్నవారిలో ఒక మోస్తరు మార్పు వస్తుంది, అందరిలో ఒకేలా రాదు, వచ్చినది శాశ్వతంగా ఉండదు.

పేస్‌మేకర్ గానీ, శరీరంలో అమర్చిన మరే విద్యుత్ పరికరం గానీ ఉన్నవారు, గర్భిణులు, చికిత్స చేయవలసిన చోట చర్మవ్యాధో, పుండో, లోహపు అమరికో ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి. సూదులను చర్మంలోకి దింపి వాటి మొనల నుంచి ఇదే శక్తిని పంపే రేడియో ఫ్రీక్వెన్సీ మైక్రోనీడ్లింగ్ వేరే పద్ధతి. ప్రకటనలలో రెండింటినీ ఒకే గాటన కట్టడం కనిపిస్తుంది గనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు నష్టం, నరాలకు హాని వంటి ఫిర్యాదుల దృష్ట్యా దాని గురించి అమెరికా నియంత్రణ సంస్థ 2025 అక్టోబరులో హెచ్చరిక జారీ చేసింది.

చికిత్స చేయించుకున్నవారు మర్నాడు అద్దంలో చూసుకుని మురిసిపోయే బిగువులో కొంత భాగం వేడి వల్ల వచ్చిన వాపే. ఆ వాపు నాలుగు రోజులలో తగ్గిపోయినప్పుడు మోసపోయామనిపిస్తుంది, నిజానికి అప్పటికి కొత్త కొల్లాజెన్ అల్లిక ఇంకా మొదలవుతూనే ఉంటుంది. అందువల్ల మూడు నెలలు ఆగి చూడాలి. చూసేది కూడా ఒకే వెలుతురులో, ఒకే భంగిమలో తీసిన ఫోటోలతో చూడాలి. పక్కనుంచి వెలుతురు పడితే ప్రతి ముడతా లోతుగా, ఎదురుగా పడితే చదునుగా కనిపిస్తుంది. ముందు, తరువాత అని చూపే చిత్రాలలో ఎన్నింటి గుట్టు ఇదేనో! నడుము కొలిచేటప్పుడు టేపును బొడ్డుకు ఒకే ఎత్తులో, పరగడుపున, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత పెట్టి చూసుకోండి. ఊపిరి బిగబట్టి లోపలికి లాగిన పొట్ట, ఏ యంత్రమూ లేకుండానే, కొన్ని సెంటీమీటర్లు తగ్గి కనిపిస్తుంది. నమస్కారం.