ఫోన్‌లో డాక్టరు: ఏ ప్రయాణం తప్పుతుంది, ఏది తప్పదు

[తెర మీద: జి.పెదపూడి రేవు, వరదనీరు, పడవ]

వరద రోజుల్లో కోనసీమలోని ఊడిమూడిలంక నుంచి ఒడ్డు చేరాలంటే పడవే దిక్కు. బీపీ మాత్ర మార్చాలో లేదో అడగడానికి అంత ప్రయాణం అక్కర్లేదు. దూరం నుంచే డాక్టరుతో మాట్లాడించే కేంద్ర ప్రభుత్వ సేవ ఈ-సంజీవని 2019 నవంబరు నుంచి ఉంది. విలేజ్ క్లినిక్‌లో సీహెచ్‌ఓ (అక్కడుండే ఆరోగ్య అధికారి) దగ్గర కూర్చుని వీడియోలో డాక్టరుతో మాట్లాడొచ్చు.

పాత జబ్బుకి మళ్లీ చూపించుకోవడం, రిపోర్టులు చదివించుకోవడం: ఈ రెండూ ఇంటి దగ్గరే తేలిపోతాయి. అంకెలు సరిగ్గా ఉంటేనే సుమా. రేవు నుంచి గబగబా నడిచొచ్చి చూసుకున్న బీపీ ఎక్కువే చూపిస్తుంది. అది చెబితే డాక్టరు "ఒకసారి వచ్చి చూపించుకోండి" అంటారు, ప్రయాణం మళ్లీ మొదటికొస్తుంది.

[తెర మీద: బల్ల మీద చెయ్యి, బీపీ పట్టీ]

టీ తాగితే అరగంట ఆగండి. వీపు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయండి. మాత్రల పట్టీ మీద పేరు, మిల్లీగ్రాములు కనబడేలా ఫొటో తీయండి. "చిన్న తెల్ల బిళ్ల" అంటే ఎవరికీ అర్థం కాదు. మొదటిసారి మాట్లాడేటప్పుడు వీడియో తప్పక పెట్టండి. 2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వట్టి ఫోన్ మాట మీద డాక్టరు రాయగలిగే మందులు చాలా తక్కువ.

[తెర మీద: కాలిపుండు, పక్కన రూపాయి బిళ్ల]

షుగరున్నవాళ్ల కాలిపుండు దగ్గర మాత్రం కెమెరాని నమ్మొద్దు. పైన పక్కు కట్టి మానినట్టే ఉంటుంది, కింద చీము పడుతుంది. నొక్కి చూడాలి, పాదం మీద నాడి పట్టాలి, స్పర్శ ఉందో లేదో తెలుసుకోవాలి. మొదటిసారి ఆస్పత్రికే వెళ్లండి. తర్వాత మానుతున్న తీరు పగటి వెలుగులో తీసిన ఫొటోల్లో చూపించొచ్చు. కొలత తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. ఇలా ఫోన్‌లో చూసిన డాక్టరే "ఈరోజే వెళ్లండి" అనడమూ మామూలే. వాయిదా వేస్తున్నవాళ్లని అలా కదిలించడం మంచి పనే.

వరి చేల నీళ్లలో దిగాక జ్వరమొస్తే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ రావచ్చు. దానికి రక్తపరీక్ష కావాలి.

ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, పాముకాటు: వీటికి వీడియో కాల్ కాదు, 108కి చెయ్యండి. కాటు పైన తాడు బిగించకుండా, కాలు కదపనివ్వకుండా, విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి చేర్చండి.