నాయకుల మాటల్లో తెలివి ఎక్కడ కనిపిస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

ఒక నాయకుడు వేదిక మీద మాట్లాడుతూ ఒక దేశం పేరుకు బదులు మరో దేశం పేరు చెప్పాడనుకుందాం. ఆ పది సెకన్ల దృశ్యం సాయంత్రానికల్లా లక్షల ఫోన్లలో తిరుగుతుంది. చూసినవారందరూ ఆయన తెలివి మీద ఒక తీర్పు ఇచ్చేస్తారు. మరో నాయకుడు కాగితం వంక చూడకుండా, ఎక్కడా తడుముకోకుండా గంటసేపు ధారాళంగా మాట్లాడితే, ఆయన మహామేధావి అని అంతే తొందరగా తేల్చేస్తారు. ఈ రెండు తీర్పులూ ఇంత సులువుగా ఇవ్వదగినవేనా అన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నలుగురిలో మాట్లాడిన మాటల్లో నాయకుడి తెలివి కొంత బయటపడుతుందన్నది నిజమే. అయితే మనం ఎక్కువగా వెతికే చోట, అంటే ధాటిలోనూ తడబాటులోనూ, అది దొరకదు.

అసలు ఆ మాటలు ఎవరివి అన్న ప్రశ్నతో మొదలుపెడదాం. అమెరికా అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ 1921లో జడ్సన్ వెలివర్ అనే పాత్రికేయుణ్ణి ప్రసంగాలు రాయడానికి శ్వేతసౌధంలో నియమించుకున్నాడు. అధ్యక్షుడి కోసం అదే పనిగా ప్రసంగాలు రాసిన మొదటి ఉద్యోగిగా ఆయనను చెప్పుకుంటారు. నలభై ఏళ్ళ తరువాత జాన్ కెనడీ చేసిన ప్రమాణస్వీకార ప్రసంగంలో ఆయన సలహాదారు టెడ్ సోరెన్సన్ చెయ్యి ఎంత, కెనడీ చెయ్యి ఎంత అన్న చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఈనాడు పెద్ద పదవిలో ఉన్నవారి ప్రసంగం సలహాదారులు, న్యాయ నిపుణులు, విదేశాంగ అధికారులు చూసి దిద్దిన తరువాతనే జనం చెవిన పడుతుంది. విని మురిసిపోయిన వాక్యం ఒక బృందం శ్రమ అయి ఉండగా, దానిని ఒక్క మనిషి బుద్ధికి కొలమానంగా పట్టుకోవడం సరికాదు.

స్వయంగా రాసుకునేవారి విషయంలో కూడా జాగ్రత్త అవసరమే. విన్‌స్టన్ చర్చిల్ ప్రసంగాలను అప్పటికప్పుడు ఉబికివచ్చిన మాటలని అనుకునేవారు ఉన్నారు. 1904 ఏప్రిల్‌లో, ముప్ఫై ఏళ్ళు కూడా నిండని చర్చిల్, కంఠస్థం చేసుకువచ్చిన ప్రసంగాన్ని బ్రిటిష్ పార్లమెంటులో చెబుతూ మధ్యలో మరిచిపోయాడు. ఎంత ప్రయత్నించినా తరువాతి వాక్యం గుర్తుకు రాలేదు. విన్నందుకు సభకు కృతజ్ఞత చెప్పి కూర్చుండిపోయాడు. అప్పటినుంచి ముఖ్యమైన ప్రతి ప్రసంగానికీ పూర్తి పాఠం సిద్ధం చేసుకుని, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో తెలిసేలా పద్యపాదాల మాదిరిగా విడగొట్టి టైపు చేయించుకుని, ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని నిలబడేవాడు. ఆ మరుపును చూసి ఆనాడు ఎవరైనా ఆయన బుద్ధిని తూచి ఉంటే ఎంత పొరబడేవారు! ఆ తరువాతి ధాటిని చూసి, అది పుట్టుకతో వచ్చిన ప్రతిభేనని తేల్చినవారు కూడా అంతే పొరబడ్డారు. అక్కడ ఉన్నది గంటల తరబడి కూర్చుని చేసిన పని.

ఇక తడబడే నాయకుల్లో డ్వైట్ ఐసెన్‌హోవర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1953 నుంచి 1961 వరకు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న ఆయన విలేకరుల సమావేశాలలో ఇచ్చిన జవాబులను అక్షరం పొల్లుపోకుండా అచ్చువేస్తే, మొదలైన వాక్యం ఒకటి, ముగిసిన వాక్యం మరొకటిగా ఉండేది. కర్త ఒకచోట, క్రియ ఇంకొకచోట. మధ్యలో నాలుగు మలుపులు. ఈయనకు గోల్ఫ్ ఆట తప్ప రాజ్యవ్యవహారాలు పట్టవని, మంచి మనిషే గాని చురుకైన బుద్ధి కాదని ఆనాటి మేధావులు చాలామంది నమ్మారు. కాని అదే మనిషి 1930లలో జనరల్ మకార్థర్ దగ్గర పనిచేస్తూ ఆయన కోసం నివేదికలూ ప్రసంగాలూ రాసిపెట్టాడు. 1944లో నార్మండీ దండయాత్రను నడిపించాడు. ఆయన ఉత్తరాలు, అంతరంగిక సమావేశాల నమోదులు తరువాత పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినప్పుడు, వాటిలో స్పష్టమైన, తర్కబద్ధమైన, కొన్నిచోట్ల పదునైన వచనం కనిపించింది. రాజనీతి పండితుడు ఫ్రెడ్ గ్రీన్‌స్టైన్ 1982లో ఆ ఆధారాలతోనే ఐసెన్‌హోవర్ మీద అప్పటిదాకా ఉన్న అంచనాను తలకిందులు చేశాడు.

1955 మార్చిలో తైవాన్ జలసంధి దగ్గర చైనాతో ఉద్రిక్తత పెరిగింది. అక్కడి చిన్న దీవుల కోసం అమెరికా అణ్వాయుధాలు వాడుతుందా అని విలేకరులు తప్పక అడుగుతారని అందరికీ తెలుసు. అవునంటే యుద్ధభయం, కాదంటే చైనాకు ధైర్యం. ఆ ప్రశ్న వస్తే ఏమీ చెప్పవద్దని విదేశాంగ శాఖ కోరుతోందని ప్రెస్ సెక్రటరీ జేమ్స్ హేగర్టీ చెప్పగా, ‘కంగారు పడకు జిమ్, ఆ ప్రశ్న వస్తే వాళ్ళను గందరగోళంలో పడేస్తాను’ అన్నాడు ఐసెన్‌హోవర్. అన్నట్టే చేశాడు. యుద్ధం ఎప్పుడు ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేరంటూ సాగిన ఆ చుట్టుతిరుగుడు జవాబులో ఆయన ఉద్దేశం ఏమిటో ఎవరికీ అంతుబట్టలేదు. ఆ రోజు ఆయన మాటలను మాత్రమే విన్నవారు బుద్ధిమాంద్యం అనుకున్నది నిజానికి బుద్ధి చేసిన పనే. ఆయన ప్రతి తడబాటూ వ్యూహమేనని నేను అనను. కొన్ని ఉత్త తడబాట్లే అయి ఉంటాయి. బయటినుంచి వినేవారికి ఏది ఏదో తెలిసే మార్గం లేదన్నదే నా వాదన.

మౌనం సంగతి కూడా ఇంతే. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి రాసిన థామస్ జెఫర్సన్ గొంతు ఎంత సన్నదంటే, 1801లో ఆయన పదవీ స్వీకార ప్రసంగం ముందు వరుసలు దాటి వినిపించలేదు. ఏటా చట్టసభకు ఇవ్వవలసిన సందేశాన్ని స్వయంగా చదవడం మాని రాసి పంపడం ఆయనే మొదలుపెట్టాడు. బ్రిటిష్ ప్రధాని క్లెమెంట్ అట్లీ విలేకరుల ప్రశ్నలకు ఒకటి రెండు మాటల్లో జవాబిచ్చి ఊరుకునేవాడు. ఆయన ప్రభుత్వమే 1948లో జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పింది. పలు భాషలలో పండితుడైన పి.వి. నరసింహారావు మౌనాన్ని విమర్శించినవారికి లెక్కలేదు. ఆ మౌనం వెనుకే 1991 ఆర్థిక సంస్కరణలు నడిచాయి. సంఖ్యాబలం లేకుండా మొదలైన ప్రభుత్వం ఐదేళ్ళూ నిలిచింది.

లోపం వక్తలో కంటే మన వినికిడిలోనే ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తుంది. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరికి క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థించే వ్యాసాలను, వ్యతిరేకించే వ్యాసాలను చదవమని ఇచ్చారు. ఏ పక్షాన రాయాలో వ్యాసకర్తకు ముందే నిర్దేశించారని, అందులో అతని ఇష్టం లేదని చెప్పినా కూడా, చదివినవారు ఆ వ్యాసం అతని మనసులోని మాటేననే వైపు మొగ్గారు. 1977లో లీ రాస్ బృందం మరో ప్రయోగం చేసింది. ఇద్దరిలో ఒకరిని చీటీవేసినట్టు ఎంచి, తనకు బాగా తెలిసిన విషయాలలో నుంచి కష్టమైన ప్రశ్నలు తయారుచేసి రెండో మనిషిని అడగమన్నారు. సహజంగానే రెండో మనిషి చాలా ప్రశ్నలకు తెల్లముఖం వేశాడు. చూస్తున్నవారు, ప్రశ్నలు ఎంచుకునే అవకాశం ఒకరికే ఉందని కళ్ళారా చూసి కూడా, అడిగినవాడే ఎక్కువ జ్ఞానవంతుడన్నారు. వేదిక, అంశం, సమయం అన్నీ తానే ఎంచుకుని మాట్లాడే నాయకుడికీ, ఎక్కడినుంచి ఏ ప్రశ్న వస్తుందో తెలియక నిలబడిన నాయకుడికీ మధ్య తేడాను కూడా మనం ఇలాగే బుద్ధిలోని తేడాగా లెక్కవేస్తున్నాం.

నాయకుల ప్రసంగాలను కొన్ని సూత్రాలతో కొలిచి, ఫలానా వారి భాష ఐదో తరగతి పిల్లల స్థాయిలో ఉందని ప్రచురించే అలవాటు కూడా ఒకటి ఉంది. ఫ్లెష్-కిన్‌కెయిడ్ అని పిలిచే సూత్రాన్ని 1975లో అమెరికా నౌకాదళం తన సిబ్బంది చదివే సాంకేతిక పాఠాల కోసం తయారుచేయించింది. అది చూసేవి రెండే: వాక్యానికి ఎన్ని మాటలు, మాటకు ఎన్ని అక్షరధ్వనులు. చెప్పిన విషయం సరైనదా, ఆలోచన లోతైనదా అన్నది దానికి పట్టదు. పైగా చిన్న మాటల్లో పెద్ద విషయం చెప్పగలగడమే ఎక్కువ కష్టం. లక్షలమందికి అర్థం కావలసిన మాటను కష్టపెట్టకుండా చెప్పిన నాయకుణ్ణి అందుకే తక్కువ తెలివిగలవాడనడం అన్యాయం. అనవసరంగా బరువైన మాటలు వాడిన రచనను చదివినవారు రచయిత తెలివిని తక్కువగానే అంచనా వేశారని డేనియల్ ఓపెన్‌హైమర్ 2006లో ప్రచురించిన ప్రయోగాలు తేల్చాయి కూడా.

మరి తెలివి మాటల్లో ఎక్కడ కనిపిస్తుంది? నోరు జారినప్పుడు కంటే, జారిన తరువాత ఏమి చేశారన్నదానిలో కనిపిస్తుందని నేను నమ్ముతాను. 1976 అక్టోబరు 6న ఎన్నికల ప్రత్యర్థి జిమ్మీ కార్టర్‌తో జరిగిన టెలివిజన్ చర్చలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, తూర్పు ఐరోపా మీద సోవియట్ ఆధిపత్యం లేదని అన్నాడు. యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, చట్టసభలో దాదాపు పాతికేళ్ళు పనిచేసిన ఆ మనిషికి పోలండ్‌లో సోవియట్ సైన్యం ఉందని తెలియకపోవడం జరిగే పని కాదు. అక్కడి ప్రజలు మనసులో లొంగిపోలేదని చెప్పబోయి మాట తప్పాడు. ప్రశ్న అడిగిన పాత్రికేయుడు మాక్స్ ఫ్రాంకెల్ ఆశ్చర్యపోయి, దిద్దుకునే వీలు కల్పిస్తూ మళ్ళీ అడిగాడు. ఫోర్డ్ ఆ అవకాశాన్ని వదులుకుని యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ పేర్లు వరుసగా చెప్పి అదే మాట మీద నిలబడ్డాడు. పొరపాటును ఒప్పుకోవడానికి మరికొన్ని రోజులు తీసుకున్నాడు. మొదటి జవాబును నేను క్షమిస్తాను. తన మాట ఎదుటివారికి ఎలా వినిపించిందో గ్రహించని రెండో జవాబు మాత్రం ఆ సమయంలో ఆయన ఆలోచన ఎలా పనిచేసిందో నిజంగానే చెబుతోంది.

కాలక్రమంలో వచ్చే మార్పు మరో ఆధారం. ఒక మనిషి మాటను మరొకరి మాటతో పోల్చడం కంటే, అదే మనిషి పదేళ్ళ కిందటి మాటతో పోల్చడం న్యాయం. 1994లో తనకు అల్జైమర్స్ అనే మతిమరుపు వ్యాధి ఉందని అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ప్రకటించాడు. పదవి వదిలి అప్పటికి ఐదేళ్ళు దాటింది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆయన విలేకరుల సమావేశాల పాఠాలను విశ్లేషించి 2015లో ఫలితాలు ప్రచురించారు. పదవీకాలం గడిచేకొద్దీ ఆయన వాడిన వేర్వేరు మాటల సంఖ్య తగ్గిందని, ‘అది’, ‘ఆ వస్తువు’ వంటి నిర్దిష్టత లేని మాటలు పెరిగాయని, తరువాతి అధ్యక్షుడు పెద్ద బుష్ మాటల్లో అటువంటి మార్పు లేదని వారు గమనించారు. ఆయన నిర్ణయశక్తి దెబ్బతిన్నదని దీనివల్ల రుజువు కాదని కూడా వారే చెప్పారు. వైద్యులు కానివారు నాయకుల తడబాటు చూసి రోగనిర్ణయం చేస్తున్న ఈ రోజుల్లో ఆ సంయమనం నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసినది పీటర్ సూడ్‌ఫెల్డ్, ఫిలిప్ టెట్లాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పని. మాటలోని ఆలోచన ఎన్ని కోణాలను గుర్తిస్తోంది, ఆ కోణాలను ఒకదానితో ఒకటి ఎలా ముడివేస్తోంది అన్నదాన్ని బట్టి వారు ప్రసంగాలకూ లేఖలకూ 1 నుంచి 7 వరకు అంకెలు వేశారు. తప్పంతా ఎదుటివారిదేనన్న మాటకు అట్టడుగు అంకె. ఎదుటివారి భయంలో కూడా అర్థముందని ఒప్పుకుని, తన లక్ష్యాన్ని దానితో పొసగించే మాటకు పై అంకె. అమెరికా అధ్యక్షుల ప్రచార ప్రసంగాలలో ఈ అంకె తక్కువగా ఉండి, పదవిలోకి రాగానే పెరిగిందని టెట్లాక్ 1981లో చూపించాడు. మనిషి మారలేదు, బుద్ధి మారలేదు. వినేవారు మారారు, బాధ్యత మారింది. అంటే ఎన్నికల సభలో మనం వినేది తరచు ఆ మనిషి ఆలోచనలోని అతి సరళమైన పొర మాత్రమే. ఇద్దరూ కలిసి 1977లో ప్రచురించిన పరిశీలనలో, మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసిన 1914 నాటి దౌత్యపత్రాలలో ఈ అంకె తక్కువగాను, అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య యుద్ధం తప్పిన 1962 క్యూబా క్షిపణి సంక్షోభంలో ఎక్కువగాను తేలింది.

ఆ 1962లో సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్. పెద్దగా చదువుకున్నవాడు కాదు; సభల్లో కేకలు వేసేవాడు. 1956లో పాశ్చాత్య రాయబారుల ముందు ‘మిమ్మల్ని పాతిపెడతాం’ అన్న మాటతో, మొరటు మనిషి అన్న ముద్ర ప్రపంచమంతటా పడిపోయింది. మీ కార్మికవర్గమే మీ వ్యవస్థను పాతిపెడుతుందన్నది తన భావమని తరువాత ఆయన వివరించుకున్నా ఆ ముద్ర చెరగలేదు. అదే మనిషి 1962 అక్టోబరు 26న కెనడీకి ఒక పొడవైన అంతరంగిక లేఖ రాశాడు. యుద్ధమనే ముడి ఉన్న తాడును రెండు వైపులనుంచీ లాగవద్దని, లాగినకొద్దీ అది బిగుస్తుందని, ముడివేసినవాడు కూడా విప్పలేనంతగా బిగుసుకుంటే ఇక దాన్ని నరకవలసి వస్తుందని, దాని అర్థమేమిటో మీకు వేరే చెప్పనక్కరలేదని ఆ లేఖలో ఉంది. కెనడీ సలహాదారులు ఆ రాత్రి దానిని పదేపదే చదువుకున్నారు. ఆయనను 1956 నాటి ఆ ఒక్క వాక్యంతోనే తెలిసిన జనానికి అప్పట్లో ఆ లేఖలో ఏముందో తెలియదు.

నమస్కారం.