మాత్ర లేకుండా ఏడీహెచ్‌డీ: నేను కొన్నవాటిలో ఏవి పనికొచ్చాయి, ఏవి మూలన పడ్డాయి

నమస్తే అండి. ఈ వీడియో పోయిన ఆదివారమే పెట్టాల్సింది. కెమెరా తీశాను, బ్యాటరీ ఛార్జింగ్‌కి పెడదామని లోపలి గదిలోకి వెళ్లాను, అక్కడ అల్మరా సర్దుతూ సాయంత్రం చేసేశాను. బ్యాటరీ మాత్రం చేతి సంచిలోనే ఉంది.

కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక్క ముక్క. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు, చిన్నప్పట్నుంచీ మెదడు తీరే అలా ఉండడం. నాకు ఏడీహెచ్‌డీ ఉందని తెలిసింది 34 ఏళ్లకి. మా బాబుని చూపించడానికి వెళ్తే, డాక్టర్ గారు వాడి గురించి అడిగే ప్రతి ప్రశ్నకీ నేను నా గురించే జవాబు చెప్తున్నానట. ఆవిడే గమనించారు. పెద్దయ్యాక దీన్ని నిర్ధారించాలంటే పన్నెండేళ్లలోపే లక్షణాలు కనిపించి ఉండాలి, అందుకని మా అమ్మని పిలిపించారు. అమ్మ అంది కదా, "పెరుగు తెమ్మని గిన్నె ఇచ్చి పంపితే గిన్నె కూడా కొట్లోనే పెట్టి వచ్చేదండీ!" అని. ఇంకేం అడగలేదు డాక్టర్ గారు.

మందులు వద్దని చెప్పే వీడియో కాదిది. నేను నాలుగు నెలలు వాడాను, పని చేశాయి. కానీ నా బీపీ పెరుగుతూ పోయింది. ఈ రకం మాత్రలతో కొందరికి బీపీ, గుండె వేగం పెరగడం తెలిసిన సంగతే. డాక్టర్ గారే ఆపించారు. మీకు పడితే వాడండి, నా మాట విని మానేయకండి. 1999లో అమెరికాలో ఏడీహెచ్‌డీ ఉన్న 579 మంది పిల్లలతో చేసిన పెద్ద పరిశోధన ఒకటి బయటికొచ్చింది. పద్నాలుగు నెలలు చూస్తే, అసలు లక్షణాల విషయంలో ఒక్క ప్రవర్తనా శిక్షణ కంటే జాగ్రత్తగా డోసు చూసి ఇచ్చిన మందే మెరుగ్గా పని చేసింది. మందు అనే ఆ మెట్టు లేనివాళ్లం మిగతా మెట్లతో ఎలా నెట్టుకురావాలన్నదే ఇవాళ్టి విషయం.

సరే, మొదటి వస్తువు. నవ్వకండి. మిల్క్ కుక్కర్.

ఇదిగో, గోడలు రెండు వరసలుగా ఉంటాయి, మధ్యలో నీళ్లు పోయాలి, పాలు కాగాక కూత పెడుతుంది. మా ఇంట్లో వారానికి మూడుసార్లు పాలు పొంగేవి. స్టవ్ పక్కనే నిలబడి ఉండగా పొంగేవి, అదీ విడ్డూరం! ఇది వచ్చాక పొంగలేదు. ఈ గిన్నె దగ్గరే నాకు సంగతి అర్థమైంది. రస్సెల్ బార్‌క్లీ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు, దశాబ్దాలుగా చెప్తున్నది ఇదే. ఏం చేయాలో తెలియకపోవడం కాదు మన సమస్య, తెలిసినదాన్ని ఆ టైముకి చేయలేకపోవడం. అందుకే సాయం పని జరిగే చోటే ఉండాలి. "గుర్తు పెట్టుకోవే" అని వందసార్లు చెప్పినా నా బుర్ర కూత పెట్టదు. గిన్నె పెడుతుంది.

అప్పట్నుంచి ఏది కొన్నా ఒక్కటే చూస్తున్నాను. ఇది నన్ను పిలుస్తుందా, లేక నేనే దీన్ని గుర్తు పెట్టుకోవాలా?

ఈ లెక్కన టైమర్ పాసైంది. ఫోన్లో టైమర్ కాదు, ఫోన్ తీస్తే నేను మళ్లీ దొరకను. ఇది తిప్పే టైమర్, మూడొందల లోపే. దగ్గరగా చూపిస్తాను ఉండండి... ఇలా తిప్పితే ఎర్ర భాగం కనిపిస్తుంది, టైము గడిచేకొద్దీ సన్నబడుతుంది. పదిహేను నిమిషాలంటే ఎంతో నాకు తెలియదు, నిజంగా తెలియదు, కానీ దోసెలో పావు ముక్కంత ఎరుపు మిగిలిందంటే కంటికి తెలుస్తుంది. టిక్ టిక్ చప్పుడు మొదటి రెండు రోజులు చిరాకు పెట్టింది. మూడో రోజు నుంచి ఎవరో పక్కన ఉన్నట్టు అనిపించింది.

పోమోడోరో అని వినే ఉంటారు. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ కుర్రాడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదువుకున్నాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఇది నాకు సగమే పని చేసింది. మొదలుపెట్టడానికి 25 చాలా ఎక్కువ, ఒకసారి మునిగాక 25 చాలా తక్కువ. అందుకని మొదటి విడత పదే నిమిషాలు తిప్పుతాను, తర్వాత నలభై.

నా పని జీఎస్టీ రిటర్నులు, అంటే వ్యాపారుల అమ్మకం పన్ను లెక్కలు ప్రభుత్వానికి పంపడం. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు. మా దగ్గర ఎక్కువమందికి నెలనెలా ఇరవయ్యో తారీఖు లోపు త్రీబీ అనే నెలవారీ రిటర్ను వేయాలి. పదో తారీఖున నాకు ఇరవయ్యో తారీఖు ఎక్కడో అమెరికాలో ఉన్నట్టుంటుంది, పంతొమ్మిది రాత్రి మీద పడుతుంది. ఆలస్యమైతే మామూలుగా రోజుకి యాభై రూపాయలు. కొందరి లేట్ ఫీజు నా జేబులోంచే కట్టాను, తప్పు నాది కదా. ప్లానర్లు కొన్నాను, ఆరు. ఆరింటిలోనూ మొదటి తొమ్మిది పేజీలే అందంగా ఉన్నాయి. పుస్తకం మూశాక నా లెక్కలో అది లేనట్టే! ఇప్పుడు గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఉంది, 12వ తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో గీత. అదే నా ఇరవై.

ఇక ఈ వీడియోలో ఫస్ట్ ర్యాంకు దేనికంటే, అది వస్తువే కాదు. బాడీ డబ్లింగ్ అంటారు. పక్కన ఇంకో మనిషి ఉంటే పని సాగడం. డల్లాస్‌లో మా చెల్లి ఉంది. నాకు రాత్రి తొమ్మిది, వేసవిలో దానికి పొద్దున్న పదిన్నర. వీడియో కాల్ పెట్టి ఇద్దరం మ్యూట్‌లో ఉంటాం. అది బట్టలు మడతపెడుతుంది, నేను బిల్లులు ఎక్కిస్తాను. నేను తల పైకెత్తితే కళ్లెగరేస్తుంది, అంతే. దీని మీద గట్టి పరిశోధన ఇంకా పెద్దగా లేదు. కానీ నాకిది కొత్త కాదు. టెన్త్ పరీక్షలప్పుడు అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. ఆల్జీబ్రా ఒక్క ముక్క రాదు ఆవిడకి. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్తే నా చదువూ లేచిపోయేది.

పనికిరానివి తొందరగా చెప్పేస్తాను. చేపనూనె మాత్రలు: అందులో ఉండే ఒమేగా త్రీ అనే కొవ్వుతో వస్తే కాస్తంత మార్పు, అదీ అన్ని పరిశోధనల్లోనూ కాదు. పిల్లలకి ఏడీహెచ్‌డీ చికిత్సగా ఇవ్వొద్దనే బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ మాట. సరస్వతి ఆకు మా అత్తయ్యగారు పంపారు. పప్పులో బాగుంది. ఇక తలకి తీగలు తగిలించి, తెర మీద బొమ్మ చూపించి మెదడుకి శిక్షణ ఇస్తామనే న్యూరోఫీడ్‌బ్యాక్ ఉంది కదా, ఒకచోట నలభై సెషన్ల ప్యాకేజీ చెప్పారు. ఇంటికొచ్చి చదివాను. ఉత్తుత్తి సెషన్లు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పోల్చిన చోట్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ డబ్బు మిగిలింది.

నిద్ర, నడక గురించి మీ అమ్మగారు చెప్పే ఉంటారు. ఆవిడ మాటే నిజం. రాత్రి ఒంటిగంట దాటి పడుకున్న మర్నాడు పైన చెప్పినవేవీ పని చేయవు.

డబ్బు ఖర్చు పెట్టదగ్గది ఒకటుంది, సీబీటీ, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. ఏడీహెచ్‌డీ కోసం ప్రత్యేకంగా చేసేది. 2010లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 86 మంది పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లు మందు వాడుతున్నా ఇబ్బందులు మిగిలినవాళ్లు. విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్నవాళ్లకంటే సీబీటీ చేసినవాళ్లకి మేలు ఎక్కువ కనిపించింది. నేను మాత్ర లేకుండా చేశాను కాబట్టి ఆ లెక్క నాకు సరిగ్గా అతకదు. నా సెషన్లలో చిన్నతనం గురించి తవ్వకాలేం లేవండి. "జీఎస్టీ చేయాలి" అని రాసుకుని వెళ్తే మా థెరపిస్టు కొట్టేశారు. "ఫోల్డర్ తెరవాలి" అని రాయించారు. కోపమొచ్చింది, నేనేమన్నా చిన్నపిల్లనా అని. ఆ రాత్రి ఫోల్డర్ తెరిచాను, పదకొండున్నరకి మూడు కంపెనీల పని అయిపోయింది.

ఎవరికి చూపించాలో తెలియకపోతే ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, 14416. తెలుగులో మాట్లాడతారు.

టైమర్ లింక్ ఇవ్వమని అడుగుతారు, ఇవ్వను. లింక్ నొక్కితే మీరు దాంతోపాటు ఇంకో నాలుగు కొంటారు, మీ సంగతి నాకు తెలుసు. మిల్క్ కుక్కర్ అయితే స్టీల్ సామాన్ల కొట్లో దొరుకుతుంది. లీటరున్నరది తీసుకోండి, నీళ్లు పోయడం మర్చిపోకండి. నేను మర్చిపోయి ఒకటి మాడబెట్టాను, ఇది రెండోది.