ఫిట్స్ మందులు, గర్భం రాకుండా వాడే మందులు: ఒకదాన్నొకటి ఏం చేస్తాయి?

అందరికీ నమస్కారమండీ. సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం, సరేనా. మన ఇళ్ళల్లో ఫిట్స్ చీటీ ఒక ఫైల్లో, లేడీ డాక్టర్ రాసిన చీటీ ఇంకో ఫైల్లో, ఆ రెండూ ఒకే డాక్టర్ ఎప్పుడూ చూడరు, గొడవంతా అక్కడే వస్తోంది.

గార్డినాల్, ఎప్టాయిన్, టెగ్రెటాల్ ఫిట్స్‌కి చాలామంది ఏళ్ళ తరబడి వాడేవే కదా. ఇవి లివర్‌లో ఎంజైములను పెంచేస్తాయి, దాంతో మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రల్లో ఉండే హార్మోన్ త్వరగా విరిగిపోయి రక్తంలో సరిపడా నిలవదు. ఒక్కరోజు మానకుండా వేసుకున్నా నెల తప్పొచ్చు, ఇంట్లోవాళ్ళేమో "నువ్వే మర్చిపోయుంటావ్" అంటారు, పాపం ఆ అమ్మాయి తప్పేముంది చెప్పండి. ఎమర్జెన్సీ పిల్ కూడా మామూలు డోసు సరిపోకపోవచ్చు, ఫిట్స్ మందు ఆపేశాక కూడా ఈ ప్రభావం ఒక 4 వారాలు ఉంటుంది.

లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందుది రివర్స్ కేసు. ఇక్కడ దెబ్బతినేది ఫిట్స్ మందే. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్ర మొదలుపెడితే రక్తంలో లామోట్రిజిన్ సగానికి పడిపోవచ్చు, ఎన్నాళ్ళనుంచో బాగున్న మనిషికి మళ్ళీ ఫిట్స్ రావచ్చు. మాలా-ఎన్ ప్యాకెట్లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి చూడండి, ఆ ఐరన్ వారంలో లామోట్రిజిన్ మళ్ళీ పెరుగుతుంది, కొందరికి కళ్ళు తిరగడం, ఒకటి రెండుగా కనపడటం అప్పుడే. గర్భంతో ఉన్నప్పుడూ ఈ మందు ఇలాగే తగ్గిపోతుంది, డాక్టర్ డోసు పెంచుతారు, కాన్పయ్యాక మళ్ళీ తగ్గించాలి, ఈ రెండోది చాలాచోట్ల మర్చిపోతున్నారు.

మరి ఏం వాడాలి అంటారా? కాపర్-టి. అందులో హార్మోనే లేదు, గవర్నమెంట్ ఆసుపత్రిలో ఫ్రీగా వేస్తారు. హార్మోన్ లూప్ కూడా పర్లేదు, అది ఎక్కువగా గర్భసంచిలోనే పనిచేస్తుంది. 3 నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ సంగతీ అడగండి.

కొందరికి పీరియడ్స్ ముందురోజుల్లోనే ఫిట్స్ ఎక్కువవుతాయి, అది మీ భ్రమ కాదు. ఈస్ట్రోజెన్ మెదడుని రెచ్చగొడుతుంది, ప్రొజెస్టెరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ శాంతపరుస్తుంది, ఆ రెండోది ఒక్కసారిగా పడిపోయే టైం అది. క్యాలెండర్లో పీరియడ్ వచ్చిన రోజు, ఫిట్స్ వచ్చిన రోజు రెండూ గుర్తు పెట్టండి, డాక్టర్‌కి అది చూపిస్తే చాలావరకు అర్థమైపోతుంది.

వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడే అమ్మాయిలకి మాత్రం గట్టిగా చెప్తున్నా. అది గర్భనిరోధక మాత్రని పాడుచెయ్యదు గానీ కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం, అవయవలోపాలు, తర్వాత చదువులో ఎదుగుదలలో వెనకబాటు. అలాగని భయపడి మీ అంతట మీరు ఆపేయకండి, ఫిట్స్ ముంచుకొస్తాయి. పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే వెళ్ళి మందు మార్చే సంగతి, ఫోలిక్ యాసిడ్ సంగతి అడగండి, నెల తప్పాక కాదు.