స్వామినాథన్ చెప్పిన లెక్క

శ్రోతలకు నమస్కారం. ధాన్యం కొనే రోజుల్లో మన శ్రీకాకుళం జిల్లాలో ఏ కళ్లం దగ్గర నిలబడినా, మాట తేమ శాతంతో మొదలై మద్దతు ధర దగ్గరికి చేరుతుంది. అక్కడ వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పేరు రాక మానదు. పాపం, ఆయన్ని అందరూ ఒక కమిటీగానే ఎరుగుదురు!

ఆయన 1925లో కుంభకోణంలో పుట్టారు. నాన్నగారు డాక్టరు. కొడుకూ అదే దారి పట్టాల్సింది గానీ, 1943 నాటి బెంగాల్ కరువు ఆయన మనసును వ్యవసాయం వైపు తిప్పింది. ఆ తర్వాత ఐపీఎస్‌కి ఎంపికైనా కాదనుకుని, జన్యుశాస్త్రం చదవడానికి నెదర్లాండ్స్ వెళ్లారు.

అరవైల్లో అమెరికా గోధుమల ఓడ వస్తేనే మనకు రేషన్. మన గోధుమ మొక్క పొడుగు. ఎరువు దండిగా వేస్తే వెన్ను బరువుకి చేను పడిపోయేది. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ తయారుచేసిన పొట్టి రకాలు నిలబడేవి. ఆ విత్తనం తెప్పిద్దామని స్వామినాథన్ పట్టుబట్టారు. వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం అండగా నిలిచారు. 1966లో 18,000 టన్నులు దిగుమతయ్యాయి. అంతకుముందు ఏనాడూ కోటీ పాతిక లక్షల టన్నులు దాటని గోధుమ, 1968 కోతల్లో కోటీ అరవై లక్షలు దాటింది.

నాకు మరీ నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ పంట ఇంకా పచ్చగా ఉండగానే, 1968 జనవరిలో వారణాసి సైన్స్ కాంగ్రెస్‌లో ఆయనే హెచ్చరించారు. ఎడాపెడా ఎరువులు, మందులు చల్లి, నీళ్లు తోడేసి, నాటు రకాలన్నీ వదిలేసి ఒకటి రెండు రకాలే వేస్తే ముప్పు తప్పదన్నారు. గెలుపు ముంగిట అలా మాట్లాడే సలహాదారు ఎక్కడ దొరుకుతాడు? తర్వాత ఆయన పెట్టిన ఫౌండేషన్‌కి సాలూరు ఘాటీ అవతల, ఒడిశాలోని జయపురంలో ఒక కేంద్రం ఉంది. అక్కడి గిరిజన రైతులతో కలిసి చోళ్లు, పాత వరి విత్తనాలు కాపాడుతోంది.

ఇక ఆ కమిటీ సంగతి. 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్‌కి ఆయన అధ్యక్షులు. సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని కమిషన్ చెప్పింది. ఖర్చంటే ఏది? పేచీ అక్కడే. 2018లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తామంది. చేతినుంచి పెట్టిన డబ్బుతో పాటు, ఉభాలకి దిగిన ఇంటివాళ్ల కష్టాన్నీ లెక్కలోకి తీసుకుంది. సొంత భూమికి రావాల్సిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ మాత్రం వదిలేసింది. అవీ కలపాలంటాయి రైతు సంఘాలు. నా మటుకు నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. అదే చేను ఇంకొకరికి కౌలుకిస్తే బస్తాలు ఇంటికి రావా?

స్వామినాథన్ 2023 సెప్టెంబరులో కన్నుమూశారు. 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటించారు. నాలుగు రోజులకి పంజాబ్ రైతులు, ఆయన సిఫారసు అమలు చేయమంటూ ట్రాక్టర్లెక్కి ఢిల్లీ బయల్దేరారు.