ఇరుక్కుపోయిన ఫ్లైవీల్: పాత జాన్సన్ బోటు మోటారు మీద మూడు బోల్టుల పుల్లర్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద కనిపిస్తున్నది 1957 నాటి జాన్సన్ సీ హార్స్, 10 హార్స్‌పవర్ బోటు మోటారు. తాడు లాగితే ఇంజను చక్కగా తిరుగుతోంది, కంప్రెషన్ కూడా బాగుంది, కానీ రెండు ప్లగ్గుల్లోనూ రవ్వ లేదు. రవ్వను పుట్టించే కాయిల్స్, కరెంటును కలిపి తెంచే పాయింట్లు, కండెన్సర్లు అన్నీ ఈ ఫ్లైవీల్, అంటే ఇంజను పైన తిరిగే ఈ బరువైన చక్రం కిందే ఉంటాయి. పై నట్టు తేలిగ్గానే వచ్చింది. ఫ్లైవీల్ మాత్రం అంగుళం కూడా కదలలేదు. చివరికి దాన్ని ఊడదీసిన పుల్లర్, అంటే స్క్రూ బలంతో లాగే పనిముట్టు, ఇదిగో, నా చేతిలో ఉన్నది. ఇది కొనదగినదేనా, కొంటే ఇందులో ఏది మార్చుకోవాలి అన్నది ఈరోజు చెబుతాను.

నేను ఉండేది అమెరికాలోని విస్కాన్సిన్‌లో. ఓలే ఎవిన్‌రూడ్ తన బోటు మోటార్లను తయారుచేసిన మిల్వాకీ ఈ రాష్ట్రంలోదే. జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండింటినీ తర్వాత కలిపి నడిపిన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. అయినా ఈ మోటార్లకు కాయిల్స్, పాయింట్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. అందుకే ఫ్లైవీల్ రాలేదని మోటారును పాత ఇనుములో వేసేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు అసలు ఇది ఎందుకు రావడం లేదో చూడాలి. దీన్ని పట్టి ఉంచింది నట్టు ఒక్కటే అనుకుంటాం. కాదు. ఇంజను తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, దాని పై కొస పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది, ఫ్లైవీల్ రంధ్రం కూడా అదే వాలులో ఉంటుంది. మన ఇళ్ళలో రెండు స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి చూడండి, అచ్చంగా అలాగే. మధ్యలో అర్ధచంద్రాకారంలో చిన్న కీ ఉంటుంది కానీ, దాని పని ఫ్లైవీల్‌ను సరైన కోణంలో నిలపడం. బరువంతా మోసేది ఆ వాలు పట్టే. దానికి ఏళ్ళ తరబడి తేమ, తుప్పు తోడైతే ఇక అది ఉడుంపట్టు.

ఇరుక్కున్న గ్లాసులను అమ్మ ఎలా విడదీసేదో గుర్తుందా? లోపలి గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, బయటి గ్లాసును వేడి నీళ్ళలో పెట్టి, అంచు మీద మెల్లగా తట్టేది. గుంజేది కాదు. ఫ్లైవీల్‌కూ అదే వర్తిస్తుంది. స్థిరంగా లాగే బిగువు ఒకటి, దాని మీద ఒక చిన్న అదురు. ఈ రెండూ కలిస్తేనే వాలు వదులుతుంది. బలం పెంచుకుంటూ పోతే వాలు కన్నా ముందు ఇంకేదో విరుగుతుంది.

ఇప్పుడు పుల్లర్ల సంగతి. చాలామంది దగ్గర ఉండేది దవడల పుల్లర్, బేరింగులు లాగేది. దయచేసి దాన్ని ఫ్లైవీల్ అంచుకు తగిలించకండి. అంచు అల్యూమినియం, అయస్కాంతాలు ఉండేదీ అక్కడే. అంచును పట్టి లాగితే అది వంగుతుంది, లేదా పగులుతుంది. లాగవలసింది నడుమ ఉన్న హబ్‌ను. తాడు స్టార్టర్‌నూ, దాని కింది పళ్ళెంలాంటి భాగాన్నీ తీస్తే హబ్ చుట్టూ మర ఉన్న మూడు రంధ్రాలు కనిపిస్తాయి. అవి పుల్లర్ బోల్టులకు కూడా సరిపోతాయి. కారు స్టీరింగు చక్రం ఊడదీసే మామూలు పుల్లర్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. నేను వాడినది అదే. మూడు బోల్టులూ దూరే దీని దిమ్మె మందంగా ఉంది, దిమ్మె మధ్య నుంచి దిగి షాఫ్ట్‌ను నొక్కే నడిమి స్క్రూ మర శుభ్రంగా ఉంది. ఈ రెండింటికీ నా నుంచి పూర్తి మార్కులు.

దీనితో వచ్చిన బోల్టులకు మాత్రం సున్నా. ఈ బోల్టు తలను దగ్గరగా చూడండి. ఒక్క గీత కూడా లేదు. అంటే మెత్తటి ఉక్కు. నేను పక్కన కొన్నది ఇది, తల మీద చుట్టూ ఆరు గీతలు ఉన్నాయి. గట్టి ఉక్కు, గ్రేడ్ 8 అని గుర్తు. మిల్లీమీటరు బోల్టుల్లో అయితే తల మీద 10.9 అని ఉన్నవి తీసుకోండి. పుల్లర్ తో పాటు వచ్చినవి మొదటి సాయంత్రమే సాగిపోయి, మెడ దగ్గర సన్నబడ్డాయి.

మర విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఈ జాన్సన్ రంధ్రాలు 5/16 అంగుళం, అంగుళానికి 18 మరలు. 8 మిల్లీమీటర్ల బోల్టు కూడా చూడటానికి అంతే లావు ఉంటుంది. రెండు చుట్లు సాఫీగా దిగుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటుంది, ఎందుకంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం వేరు: జాన్సన్ రంధ్రానిది 1.41 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టుది 1.25. అక్కడ స్పానర్ వేసి తిప్పారంటే హబ్ మర పోయినట్టే. కాబట్టి బోల్టును చేతి వేళ్ళతో మాత్రమే చివరిదాకా దించండి. తీరంలో జపాన్ మోటార్లతో పనిచేసే మన వాళ్ళకు ఇదే జాగ్రత్త తిరగేసి చెప్పాలి, వాటి మరలు మిల్లీమీటర్లవి కాబట్టి అక్కడ అంగుళాల బోల్టు పెట్టకూడదు. బోల్టు మరీ పొడవున్నా ముప్పే, కిందికి దిగి కాయిల్‌ను పొడుస్తుంది.

ఇక నేను చేసిన పని. నట్టును పూర్తిగా తీసేయకుండా, దాని పై భాగం షాఫ్ట్ కొసతో సమానంగా వచ్చేదాకా విప్పి ఉంచాను. షాఫ్ట్ మర చెడదు, ఫ్లైవీల్ ఎగిరిపడదు. మూడు బోల్టులూ సమానంగా దించి, దిమ్మె వంకర లేకుండా చూసుకున్నాను. నడిమి స్క్రూ మరకు గ్రీజు రాసి, కొసకూ షాఫ్ట్‌కూ మధ్య చిన్న ఉక్కు బిళ్ళ పెట్టి బిగించాను. అక్కడితో ఆగి, తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి, ఆ బిగువులోనే రాత్రంతా వదిలేశాను. పొద్దున పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టి, వేడిగాలి గన్నుతో హబ్‌ను మాత్రమే కాసేపు వేడి చేశాను. మంట పెట్టలేదు, అతిగా వేడెక్కితే అయస్కాంతాలకూ కింది తీగలకూ చేటు. స్క్రూను మరో పావు చుట్టు బిగించి, దాని తల మీద సుత్తితో నిటారుగా ఒక్క దెబ్బ వేశాను.

ఠంగ్!

ఆ శబ్దం విన్నారా? పగిలిందేమోనని మొదటిసారి ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఏమీ పగల్లేదు, వాలు పట్టు వదిలింది. పామూ చచ్చింది, కర్రా విరగలేదు. ఒక్క మాట, ఆ దెబ్బ పుల్లర్ స్క్రూ మీదే పడాలి. పుల్లర్ లేకుండా షాఫ్ట్ కొస మీదో, ఫ్లైవీల్ అంచు మీదో సుత్తి వేయకండి.

కింద చూడండి, రెండు కాయిల్స్ పైపూతా ఎండిన చెరువు నేలలా బీటలు వారింది. ఈ కాలపు మోటార్లలో తరచూ కనిపించే జబ్బు ఇది. రెండూ మార్చాను, పాయింట్ల సందు 0.020 అంగుళానికి, అంటే సుమారు అర మిల్లీమీటరుకు సరిచేశాను.

తిరిగి ఎక్కించేటప్పుడు వాలు మీద గ్రీజు రాయాలని చేయి లాగుతుంది, మళ్ళీ ఇరుక్కోకూడదని. రాయకండి. రెండు వైపులా థిన్నరుతో తుడిచి, పొడిగా కూర్చోబెట్టాలి. జిడ్డు ఉంటే ఫ్లైవీల్ జారి కీ తెగుతుంది. నట్టును టార్క్ రెంచితో 40 నుంచి 45 ఫుట్ పౌండ్లకు, అంటే సుమారు 54 నుంచి 61 న్యూటన్ మీటర్లకు బిగించాను.

ఇప్పుడు ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించి తాడు లాగుతున్నాను. లైటు ఆపేస్తాను, కొస దగ్గర చూడండి. నీలిరంగు రవ్వ. రెండోదానిలోనూ.