బరువు ఒంటికి దగ్గరైతే నడుముకి మేలు

అన్నలకీ తమ్ముళ్ళకీ, అక్కచెల్లెళ్ళకీ నమస్కారం.

నరసన్నపేట మిల్లుల్లో బస్తాలు మోసే కళాసీలు, పలాసలో జీడిపిక్కల గోతాలు దించేవాళ్ళు, ఉభాల్లో, అంటే వరి నాట్లప్పుడు, ఆకు (నారు) కట్టలు మోసే అక్కలు ఇక్కడికి వచ్చారు. అందరి నోటా ఒకటే మాట: "బరువెత్తాను, నడుం పట్టేసింది." బరువెంత అని అందరూ అడుగుతారు. అది ఒంటికి ఎంత దూరంలో ఉందని మాత్రం ఎవరూ అడగరు. నడుం బాగుండాలంటే ముందు చూడాల్సింది ఆ దూరాన్నే.

చిన్న లెక్క వేద్దాం. వెన్నుకి వెనక ఉన్న కండరాలు దాదాపు 5 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతాయి. చేతుల్లో బరువేమో ముందు నుంచి లాగుతుంది, అచ్చం త్రాసు కర్రలాగే. 20 కిలోల మూటని పొట్టకి ఆనించి పట్టుకుంటే అది వెన్నుకి సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి కండరాలు 100 కిలోల బలంతో లాగాలి. అదే మూటని చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 200 కిలోలు. వంగితే పైఒంటి బరువు కూడా తోడవుతుంది. కింద పడ్డ చీపురు తీయబోయి నడుం పట్టేసినవాళ్ళుంటారు, కారణం అదే.

ఈ లాగుడుకి నలిగేది నడుం కింది భాగం. అక్కడ 5 పూసలు, వాటి మధ్య బిళ్ళలు ఉంటాయి. బిళ్ళ లోపల గుజ్జు, చుట్టూ పొరలుపొరలుగా గట్టి నార. వంగి బరువెత్తుతూ పక్కకి తిరిగితే గుజ్జు వెనక్కి తోసుకొస్తుంది, నార మెలిపడుతుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే నార చిట్లి, గుజ్జు బయటికొచ్చి కాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతుంది. అందుకే నడుములో మొదలైన నొప్పి పిర్ర మీదుగా పిక్కదాకా లాగుతుంది.

ఇప్పుడు 25 కిలోల బియ్యం సంచి ఎత్తడం చూద్దాం. ముందు ఒక మూల పట్టుకుని కాస్త వంచండి. బరువెంతో, సరుకు పక్కకి జారిందో లేదో తెలుస్తుంది. దారిలో చిందిన గింజలు, ఊక ఉంటే ఊడ్చేయండి. కాలు జారినప్పుడు సంచిని కాపాడబోయి నడుం మెలిపెట్టుకోవడం మామూలే. సంచికి అటూ ఇటూ పాదాలు పెట్టండి, భుజాలంత ఎడం, ఒక పాదం జానెడు ముందుకి. తుంటీ మోకాళ్ళూ మడవండి. పూర్తిగా గొంతుక్కూర్చోకండి. మోకాళ్ళు అడ్డొచ్చి బరువు దూరమైపోతుంది, అంత కింది నుంచి లేవడం మోకాళ్ళకీ కష్టమే. ఒక చెయ్యి దగ్గరి కింది మూలకి, రెండో చెయ్యి ఎదురుగా ఉన్న పై మూలకి వేయండి. పొట్ట బిగించి, ముందు సంచిని ఒంటికి లాక్కోండి. ఆ తర్వాతే కాళ్ళ బలంతో, కుదుపు లేకుండా లేవండి. తిరగాలంటే అడుగులు వేసి తిరగండి, బొడ్డూ కాలివేళ్ళూ ఎప్పుడూ ఒకే వైపు చూడాలి. దించేటప్పుడు కూడా ఇదే పద్ధతి. పని అయిపోయిందన్న ధీమాతో నడుం వంచి పడేస్తారే, ప్రమాదం అక్కడుంది.

అయితే 80 కిలోల ధాన్యం బస్తాని ఒక్కరే ఎత్తితే ఏ పద్ధతీ కాపాడదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ 1991లో సవరించిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా హద్దు 23 కిలోలే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవాళ్ళకి పెట్టిన హద్దు 55 కిలోలు. గాయమయ్యేంత బరువు ఎత్తించకూడదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే రాశారు. కాబట్టి మిల్లు యజమానులు కూడా ఇది వినాలి. బస్తాలని నేల మీద వేయించకుండా చెక్క బల్లల మీద, మోకాలికి పైనే ఉండేలా వేయించండి. లారీ అంచు వీపు ఎత్తులో ఉంటే కళాసి వంగకుండానే బస్తాని వీపు మీదికి తీసుకోగలడు. తోపుడు బండి ఉంటే లాగేకన్నా తోయడం మేలు. ఇద్దరు ఎత్తేటప్పుడు ఒకే పొడుగు వాళ్ళు జత కట్టాలి, కేక ఒక్కరే వెయ్యాలి.

ఉభాల్లో గంటల తరబడి వంగి ఉన్నాక వెన్నుపూసల్ని కలిపి ఉంచే పట్టీలు సాగిపోయి ఉంటాయి. లేచిన వెంటనే ఆకు కట్ట ఎత్తకండి. రెండు మూడు నిమిషాలు నిటారుగా నిలబడి, నాలుగడుగులు వేయండి. నిద్ర లేచిన మొదటి గంటలో బిళ్ళలు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి, అప్పుడు బిందెలూ బస్తాలూ వద్దు. నొప్పి లేనివాళ్ళు నడుం బెల్టు కట్టుకుంటే నొప్పి రాకుండా ఉంటుందని నమ్మకండి. బెల్టు ఉందన్న ధైర్యంతో ఇంకా ఎక్కువ ఎత్తుతారు.

పట్టేస్తే ఒకటి రెండు రోజులకి మించి మంచం మీద ఉండకండి, మెల్లగా నడవండి. కానీ పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం రాకపోయినా, తెలియకుండానే కారిపోతున్నా ఆగకండి. నాటు వైద్యుడి దగ్గర నడుం తొక్కించుకోకండి. అర్ధరాత్రయినా సరే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి బయల్దేరండి.